అక్కుపల్లి బస్సు నిచ్చెన

2004 ఫిబ్రవరి 9

ఇవాళ కూడా తిట్లే. టాపు మీది గంపల్లోంచి చేపనీళ్ళు కారి, కిటికీ పక్కన కూర్చున్న హైస్కూలు టీచరమ్మ చీర మీద పడ్డాయి. ఆవిడ లేచి నిలబడి బస్సంతా వినేలా నన్ను ఉతికి ఆరేసింది. బస్సా ఇది, చేపల రేవా అంది. నేనేటి చెయ్యను? టాపు రేకు తుప్పు పట్టి జల్లెడైపోయింది. వెనకాల నిచ్చెన ఉంది. పలాస పక్కన కాశీబుగ్గ బజారుకి చేపలు తెచ్చే అక్కుపల్లి ఆడోళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఎక్కుతారు, టాపు మీద సర్దుకుంటారు, దిగొచ్చి లోపల కూర్చుంటారు. నేను డ్యూటీలో చేరకముందు నుంచీ అదే పద్ధతి. తప్పు బస్సుది, తిట్లు కండక్టరుకి.

ఆ ఎక్కేవాళ్ళలో అందరికంటే ముందుండేది మా పెద్దమ్మ జోగమ్మే. టీచరమ్మకి ఆ సంగతి తెలీదు, నేనూ చెప్పలేదు. చూసి పెట్టుకోవచ్చు కదమ్మా అని మిగతావాళ్ళతో పాటు ఆమెనీ గదిమాను. పెద్దమ్మ ఏమీ అనుకోదు. డ్యూటీలో ఉంటే నన్ను పేరు పెట్టి కూడా పిలవదు, బాబూ అంటుంది. తెలివైన మనిషి.

ఇంటికొస్తే సంతోషి గుమ్మంలోనే ఆపి యూనిఫాం అక్కడే విప్పించింది. నా పెళ్ళాం పుట్టిందీ మా కులంలోనే గానీ పెరిగింది టెక్కలి బజారులో. చేపని కంచంలో తప్ప చూడలేదు మహాతల్లి.

ఫిబ్రవరి 17

అయిపోయింది. మా బస్సు తిరగాల్సిన కిలోమీటర్లన్నీ తిరిగేసిందట, కండెమ్ చేసేస్తున్నారు. డిపో మేనేజరు గారు స్వయంగా చెప్పారు. దాని బదులు కొత్త బస్సు, అచ్చంగా మా అక్కుపల్లి రూటుకే. ఇన్నాళ్ళూ ఆయన గది ముందు పడిగాపులు కాసింది ఎవరు? నేను. రేపు ఊళ్ళో ప్రెసిడెంటు నా వల్లే వచ్చిందని చంకలు గుద్దుకుంటాడు. గుద్దుకోనీ. ఇక్కడైనా రాసి ఉంచుతున్నాను, కొత్త బస్సు తెచ్చింది కామేశ్.

మా డ్రైవరు జెకర్యా మాత్రం ఏడుపు మొహం పెట్టాడు. ఈ ముసిల్దాని బ్రేకులు తన కాలికే తెలుసట. బాప్టిస్టు చర్చిలో పాటలు పాడే మనిషి, ప్రతిదానికీ గుండె కరిగిపోతుంది. వానాకాలంలో సీటు మీద గొడుగేసుకుని నడిపింది మర్చిపోయినట్టున్నాడు.

ఫిబ్రవరి 19

పెద్దమ్మకి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకుంటే, పాతదాన్ని ఏటి చేస్తారని అడిగింది. వేలం వేస్తారు, కొన్నవాడు ముక్కలు కోసి ఇనుము అమ్ముకుంటాడు అన్నాను. మొత్తం ఒక్కసారే తీసేస్తారా అని మళ్ళీ అడిగింది.

మావాళ్ళ పిచ్చి ఇది. తెప్పని ఎవడూ ఒక్కసారి తీసెయ్యడు. కుళ్ళిన దుంగ తీసి కొత్త దుంగ కడతారు, కొన్నాళ్ళకి ఇంకోటి. ఎప్పుడైనా మొత్తం కొత్త తెప్పే కట్టినా సరే, పాతదాంట్లో దుంగొకటి దాంట్లో కలిపి తీరాలి. పాత దుంగకి ఒడ్డు తెలుసట. కలపకపోతే కొత్త తెప్ప తిరిగి రాదట. కూర్మయ్య మావ లాంటి ముసలాళ్ళు ఇప్పటికీ దీన్ని వేదంలా నమ్ముతారు. ఇది సముద్రం కాదు పెద్దమ్మా, తారు రోడ్డు అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఫిబ్రవరి 28

పాత బస్సు ఆఖరి ట్రిప్పు. ఎత్తు మీద ఆగిపోతే అందరం దిగి తోసాం. నాకేం బాధ లేదు.

మార్చి 4

కొత్త బస్సు ఇవాళ ఊళ్ళోకి వెళ్ళింది. ఏం రాయను.

ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. కొత్త తెప్పని నీట్లోకి దించేటప్పుడు ఏమేం చేస్తారో అన్నీ చేసారు. ముందు అద్దానికి పసుపు, బొట్లు, వేపకొమ్మలు, డప్పులు. గంగమ్మ పేరు చెప్పి పెద్దమ్మే కొబ్బరికాయ కొట్టింది. బంతిపూల దండ కూడా ఆమె గుచ్చిందే. మా కామేశు తెచ్చినాడు అని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. డ్యూటీలో ఉండగా నా పేరు ఆమె నోట రావడం అదే మొదలు. గర్వంగానే ఉంది. ఎందుకుండకూడదు?

తరవాత ఆడోళ్ళు గంపలెత్తుకుని వరసగా బస్సు వెనక్కి వెళ్ళారు. వెనకాల నున్నగా ఉంది. నిచ్చెన లేదు. పక్కకి వెళ్ళి చూసారు, లేదు. గంపలు నెత్తిన పెట్టుకునే బస్సు చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కే వచ్చారు. డప్పులోళ్ళు అది కూడా పూజలో భాగమనుకున్నారో ఏమో, ఇంకా గట్టిగా వాయించారు. టాపు మీద సామాను పెట్టుకునే కమ్మీలు కూడా లేవు. ఈ కొత్త బాడీకి అవేవీ పెట్టలేదు. నాకు తెలుసా? డిపోలో రంగు చూసాను, సీట్లు చూసాను, హారను కొట్టి చూసాను. బస్సు వెనక్కి పోయి నిచ్చెన ఉందా లేదా అని చూసేవాడెవడు?

లోపల పెట్టుకుంటామన్నారు. పచ్చిచేప లోపలికి ఎక్కనివ్వద్దని మేనేజరు గారు పొద్దున్నే చెప్పి పంపారు. కుదరదన్నాను. ఊరందరి ముందూ అనాల్సి వచ్చింది. పెద్దమ్మ గంప దించకుండా అలాగే నిలబడి, "మరెలాగ బాబూ" అంది. నేను విజిలేసాను. ఆమె గుచ్చిన దండ ఊగుతూ ఉంది, బస్సు కదిలింది, గంపలు గట్టు మీదే ఉండిపోయాయి.

మార్చి 5

బస్సులో కంపు లేదు. హాయిగా ఉంది.

మార్చి 8

కంపు లేదు. టీచరమ్మ ఇవాళ నన్ను చూసి నవ్వింది.

మార్చి 15

కంపు లేదు. జనం కూడా అంతగా లేరు. గంపలు లేనిదే ఆడోళ్ళు ఊరికే పలాస వచ్చి ఏం చేస్తారు? మేనేజరు గారు కలెక్షను ఎందుకు పడిపోయిందని అడిగారు. కొత్తలో అలాగే ఉంటుంది సార్ అన్నాను. జెకర్యా నా వైపు చూసాడు. ఏటి చూస్తావు అన్నాను. ఏటీ నేదు బావా అన్నాడు.

మార్చి 22

చేపలు కొనే ఐసు వ్యాను వాడొకడు ఇప్పుడు నేరుగా ఒడ్డుకే వస్తున్నాడట. వాడు చెప్పిందే రేటు. పాత బస్సున్నప్పుడు గడ్డం పట్టుకుని బతిమాలినవాడే, ఇప్పుడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటున్నాడట. ఇష్టముంటే ఇయ్యండి, లేకపోతే ఎండబెట్టుకోండి అంటాడట. ఆటోవాళ్ళు గంపల్ని చూస్తే ఆగరు.

ఇదంతా నాకెలా తెలిసిందంటే, పెద్దమ్మ ఇవాళ మా ఇంటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం దాటాక. కొబ్బరికాయల లారీవాడెవడో దయతలచి కాశీబుగ్గ దాకా ఎక్కించుకున్నాడట, ఆమె దిగేసరికి బజారు సర్దేసారు. గంపనిండా కవళ్ళ చేపలు, వాటి కళ్ళు అప్పటికే ఎర్రబడిపోయాయి. సంతోషి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పెద్దమ్మ గంప వీధిలోనే దించి, మెట్టు మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

మా అమ్మ పోయేటప్పటికి నేను పాకుతున్నాను. పెద్దమ్మకి పిల్లల్లేరు. ఈమె గంప మీదే పెరిగాను, పలాసలో ఇంటరు చదివిందీ దాని మీదే. నిజమే, కాదన్నానా? రోజూ ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఆమె ఎప్పుడూ గుర్తు చెయ్యలేదనుకో. అయినా.

అన్నం తినమంటే వద్దంది. "ఆ నిచ్చెన ఒక్కటీ తెచ్చీరా నాయినా. పాత దుంగ కలపనేదు, అందుకే మనకిలాగయిపోనాది. నానింకేటీ అడగను" అంది.

పిచ్చి పట్టిందా అన్నాను. బస్సుకి నిచ్చెన తగిలించడమంటే మాటలా, ఉద్యోగం ఊడుతుంది అన్నాను. ఉద్యోగం మాట వినగానే ఆమె లేచిపోయింది. అయితే వద్దులే నాయినా అని గంపెత్తుకుని వెళ్ళిపోయింది. ఎక్కడ పారబోసిందో ఏమో.

మార్చి 24

మేనేజరు గారిని అడిగాను. కొత్త బాడీకి చిల్లు పెట్టావంటే ఊరుకోనని నవ్వుతూనే అన్నారు. అడగడం అయింది. నా వంతు నేను చేసాను.

మార్చి 29

రైలు గేటు దాటాక పాతినుము యార్డులో మన బస్సు కనపడింది. చక్రాల్లేవు, ఇంజను లేదు. నిచ్చెన మాత్రం ఇంకా ఉంది. చూసి వచ్చేసాను.

మార్చి 30

మళ్ళీ అటు వెళ్ళాను. వేరే పని మీద.

ఏప్రిల్ 2

ఇవాళ ట్రిప్పులో ఒక నిచ్చెన అక్కుపల్లి వెళ్ళింది. ఎవరో ఎక్కించారు. సీట్ల మధ్య దారిలో పడుకోబెడితే లగేజీ టిక్కెట్టు కొట్టాను. రూలు రూలే. జెకర్యా అద్దంలోంచి చూసి ఏదో కీర్తన ఎత్తుకున్నాడు, ఊరొచ్చేదాకా ఆపలేదు.

ఏప్రిల్ 4, ఆదివారం

కట్టేసారు. మధ్యాహ్నం బస్సు గట్టు మీద ఆగి ఉండే వేళ చూసుకుని కూర్మయ్య మావా, ఇంకో నలుగురూ వచ్చారు. ఒక్క చిల్లు పెట్టలేదు. టాపు మీద వెదుళ్ళతో చట్రం కట్టారు, కిటికీ ఊచల్లోంచి తాళ్ళు దూర్చి లాగారు, వెనకాల నిచ్చెనని తెప్పదుంగని కట్టినట్టే కట్టారు. మేనేజరు గారు చిల్లు పెట్టొద్దన్నారు, కట్టొద్దనలేదు కదా. నేను టీకొట్టు దగ్గర ఉన్నాను. అటు చూడలేదు.

ఇవాళ మట్టల ఆదివారం. జెకర్యా ఊళ్ళో చర్చిలో ప్రార్థన ముగించుకుని వచ్చి, నైలాను తాడో ఇనపతీగో వెయ్యొచ్చు కదా అన్నాడు. కూర్మయ్య మావకి పౌరుషం వచ్చింది. పాత దుంగ కలిపే కట్టు కొబ్బరిపీచు తాడుతోనే కట్టాలి, మా తాతల నాటి నుంచీ ఈ కట్టుని సముద్రమే విప్పలేకపోనాది, నీ తారు రోడ్డు విప్పుతాదా అన్నాడు. తాడు తడిపి, కాలు తన్నిపెట్టి బిగించాడు. వేలు దూరే సందు లేదు. జెకర్యా రెండు చేతులా గుంజి చూసి, సరే అని వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

పెద్దమ్మ నిచ్చెనకి బొట్టు పెట్టింది.

ఏప్రిల్ 7

గంపలన్నీ టాపు మీద. బజారు మొదలవకముందే కాశీబుగ్గలో దిగుతున్నాయి. వ్యానువాడు నిన్న ఖాళీగా తిరిగి పోయాడట, ఆడోళ్ళు చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. కొత్త రేకు కదా, కారిన నీళ్ళు తాళ్ళ వెంట బయటికే పోతున్నాయి, ఒక్క చుక్క లోపలికి రావడం లేదు. గ్యారేజీలో ఎవడో అడిగితే ఊరోళ్ళు కట్టుకున్నారు అన్నాను. ఎలక్షన్ల గోలలో మా బస్సు ఎవడికి కావాలి?

పెద్దమ్మ దిగేటప్పుడు రెండు చందువలు ఆకులో చుట్టి నా సంచిలో పెట్టింది. సంతోషి గొణుక్కుంటూనే పులుసు పెట్టింది. పిల్లలు కంచాలు నాకేసారు. ఇంత బుర్ర మా డిపోలో ఇంకెవడికైనా ఉందా అనిపించింది.

ఏప్రిల్ 12

సముద్రం పోటు మీదుంది. వేట లేదు.

ఏప్రిల్ 13

వేట లేదు, గంపల్లేవు. ఎండ మండిపోతోంది. బస్సు రేకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం.

ఏప్రిల్ 14

వేట లేదు.

ఏప్రిల్ 15

పెద్దమ్మ పడిపోయింది.

ఏప్రిల్ 16

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసినా కర్ర పట్టుకునే నడవాలట. గంప మొయ్యడం ఇంక కలలో మాట.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి, రేపు అడుగుతారు. నిన్న వేట బాగా పడింది. అక్కుపల్లిలో చల్లవేళే గంపలెక్కాయి. కాశీబుగ్గ చేరేసరికి ఎండెక్కింది. ఎప్పట్లాగే గంపలు దించడానికి పెద్దమ్మ ముందు ఎక్కింది. సగం ఎక్కి, "ఊగతన్నాది, ఓపాలి ఒచ్చి పట్టుకో బాబూ" అంది. నేను వెనక తలుపు దగ్గరే టీచరమ్మకి చిల్లర ఇస్తున్నాను. నాకు వినపడలేదు. కట్టు జారి నిచ్చెనా, ఆమే కలిసి రోడ్డు మీద పడ్డారు.

కూర్మయ్య మావ ఆసుపత్రి అరుగు మీద తల కొట్టుకుని ఏడ్చాడు. పీచుతాడు నీట్లో ఉన్నంతసేపే బిగుసుకుంటాది నాయినా, ఎండకి ఆరితే వదులైపోతాది, తెప్పయితే ఎప్పుడూ తడిగుంటాది కదా, ఇది బస్సని నాకు తట్టనేదు అన్నాడు. నిజమే. గంపల నీళ్ళు కారినన్నాళ్ళూ తాడు తడిగా ఉంది. మూడు రోజులు వేట లేదు, ఎండిపోయింది. బతుకంతా తాడు కట్టిన మనిషికే తట్టలేదు, టిక్కెట్లు కొట్టుకునేవాడికి ఏటి తడుతుంది?

పైగా నాకు వినపడలేదు.

ఏప్రిల్ 19

ఎంక్వయిరీకి సంజాయిషీ రాసిచ్చేసాను. నిచ్చెన ఎవరు కట్టారో నాకు తెలియదు. ప్రయాణికులు నా అనుమతి లేకుండా ఎక్కారు. ఎక్కవద్దని పలుమార్లు హెచ్చరించాను. సంతోషి పక్కన కూర్చుని ఆ పలుమార్లు అనే మాట పెట్టించింది. ఇద్దరు పిల్లలున్నారు, నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ నిజాన్ని వండుకుని తింటామా అంది. కరెక్టే.

జెకర్యా ఏం రాసాడో తెలిసింది. నిచ్చెన కట్టినట్టు నాకు తెలుసు, తెలిసే బస్సు నడిపాను అని రాసాడట. నా పేరు ఎక్కడా లేదట. హరిశ్చంద్రుడి మునిమనవడు బయలుదేరాడు. అంత నిజం చెప్పమని ఎవడడిగాడు? పక్కవాణ్ణి వెధవని చెయ్యడానికి కాకపోతే.

ఏప్రిల్ 21

ఎంక్వయిరీ ఆఫీసరు ఇవాళ పెద్దమ్మ మంచం దగ్గరికే వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. ఆమె ఒక్క మాట చాలు, నేను రోడ్డు మీద పడడానికి.

నిచ్చెన ఎక్కడిదని అడిగారు. నానే తెచ్చుకున్నానంది. యార్డువాణ్ణి బతిమాలుకున్నాను, కట్టించిందీ నానే, బస్సోళ్ళదేం తప్పు నేదు అంది. ఆయనకి అనుమానం తీరలేదు. ఈ కండక్టరు మీ ఊరివాడే కదా, మీకేమవుతాడని నన్ను చూపించారు.

పెద్దమ్మ నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఏటీ అవడు. బస్సులో కండక్టరు, అంతే."

ఆయన రాసుకున్నారు. నేను గట్టెక్కాను.

ఎంత తెలివి! చుట్టమని ఒక్క ముక్క అనుంటే ఇద్దరం కూడబలుక్కుని చేసామని తేల్చేసేవారు. అక్షరం ముక్క రాదు గానీ ఎక్కడ ఏం మాట్లాడాలో ఆమెకి తెలిసినట్టు ప్లీడర్లకి కూడా తెలీదు. నన్ను కాపాడడానికే అంది.

ఏప్రిల్ 22

నన్ను కాపాడడానికే అంది.

ఏప్రిల్ 26

సంతోషిని అడిగాను. కాపాడడానికే కాకపోతే ఇంకెందుకంటుంది, పడుకో అంది.

మే 4

జెకర్యాని సస్పెండు చేసారు. నాకు హెచ్చరికతో సరి. వెదుళ్ళూ తాళ్ళూ గ్యారేజీలో కోసి పారేసారు, బస్సు వెనకాల మళ్ళీ నున్నగా ఉంది.

బస్టాండులో జెకర్యా ఎదురయ్యాడు. తిడతాడేమో, తిడితే నేనూ నాలుగు అనొచ్చు అని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. వాళ్ళావిడ సలోమి రోజూ పెద్దమ్మకి గంజి పట్టుకెళ్తోందట, ఆపరేషను బాగా జరిగిందట. "నువ్వెల్లి సూసినావా బావా" అని అడిగాడు. డ్యూటీతో ఖాళీ లేదన్నాను. ఈసారి ఎల్లు అన్నాడు. ఉద్యోగం లేనివాడికి ఊళ్ళో వాళ్ళని చూడ్డానికి తీరుబడి ఉంటుంది.

అక్కుపల్లి ఆడోళ్ళు మళ్ళీ బస్సెక్కుతున్నారు, గంపల్లేకుండా. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకి పనికి పోతున్నారు. డబ్బులు నా అరచేతిలో పెట్టి, ఒక చూపు చూసి కిటికీ వైపు తిరుగుతారు. ఒకప్పుడు అల్లుడా, మనవడా అని నెత్తి మీద మొట్టినవాళ్ళే. వ్యానువాడు మళ్ళీ కాలు మీద కాలేసుకున్నాడు. నన్నెందుకు చూస్తారు అలాగ? వాణ్ణి కదా చూడాలి.

మే 9

ఇవాళ సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. బత్తాయిలు తీసుకెళ్ళాను. సలోమి అప్పుడే వచ్చి వెళ్ళిందట, గంజి గిన్నె తడిగా ఉంది. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. చేతులు మంచం మీద ఖాళీగా పడున్నాయి.

పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఎంక్వయిరీ మూసేసారు పెద్దమ్మా, ఇంక ఎవరూ వచ్చి ఏమీ అడగరు, నా ఉద్యోగానికి ఢోకా లేదు, నువ్వు ఆ రోజు భలే మాట్లాడావు అన్నాను. ఆమె పైన తిరుగుతున్న ఫ్యానుని చూస్తూ ఉంది. బత్తాయి ఒలిచి ఇచ్చాను. తీసుకోలేదు.

అప్పుడే నర్సమ్మ కట్టు మార్చడానికి వచ్చింది. చెవుల దగ్గర జుట్టు నెరిసిన మనిషి, ఫ్లోరెన్స్ అని పేరు రాసుంది. నన్ను పైనుంచి కిందకి చూసి, కొడుకా బామ్మా, ఇన్నాళ్ళకి వచ్చాడా అని అడిగింది.

పెద్దమ్మ తల తిప్పి నన్ను చూసింది. అప్పుడు చూసినట్టే చూసింది.

"ఏటీ అవడమ్మా. బస్సులో కండక్టరు."

ఆఫీసరు ఎవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూసాను. ఎవరూ లేరు.